టోకెన్ల బల్ల దగ్గర

నేను తాగడం మానేసి పదమూడేళ్ళు దాటింది. ఆ మాట తెలిసిన నలుగురైదుగురూ నన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకుంటుంటే తల వంచుకుని వింటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు, అది సిగ్గు. ఎందుకు సిగ్గో ఇన్నాళ్ళకి రాస్తున్నాను. రాయడంలో నా గొప్పేమీ లేదు. మనిషి ముఖం చూసి చెప్పడం కన్నా కాగితానికి చెప్పడం ఎప్పుడూ సుళువే.

మాది చోడవరం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒకప్పుడు, వేరే ఊరి స్కూల్లో, ఆ లెక్కలు మత్తులోనే చెప్పేవాణ్ణి. ఒక రోజు బోర్డు మీద లెక్క సగం చేసి, మిగతా సగం గుర్తురాక సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయాను. పిల్లలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వాళ్ళకి నేను అలవాటైపోయాను.

ఆ వారమే ప్యాంట్లు వదులైపోయాయని మెయిన్ రోడ్డు పక్క సందులో ఉన్న టైలరు దగ్గరికి వెళ్ళాను. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆయన నా నడుము చుట్టూ టేపు పెట్టి, పాత కొలతల పుస్తకం తీసి చూసి, "ఆర్నెల్లలో మూడంగుళాలు తగ్గిపోయేరు మాస్టారూ. నేనూ ఇలాగే తగ్గేను ఒకప్పుడు. సాయంత్రం ఆరింటికి వచ్చి కూర్చోండి," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తాగేవాడికి ఆరు నుంచి ఎనిమిది దాకా గండం. ఆ రెండు గంటలూ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి సూది, దారం, గుండీల డబ్బా ఇచ్చేవాడు. మూడు నెలల పాటు చోడవరంలో ఎంతమంది చొక్కాలకి నేను గుండీలు కుట్టానో! చేతులు వణికి వంకరగా కుట్టినవన్నీ నేను వెళ్ళాక విప్పి, మళ్ళీ ఆయనే కుట్టుకునేవాడని చాలా కాలానికి తెలిసింది. నేను మానేశానంటే ఆ మనిషి వల్ల మానేశాను. నా గొప్పతనం అందులో గుండీ అంత కూడా లేదు.

తరవాత నన్ను తన బృందంలోకి తీసుకెళ్ళాడు. బృందమంటే పెద్ద పేరు. ఒక బెల్లం కొట్టు మేడ మీద చిన్న గది, అందులో ఆదివారం పొద్దున కూర్చునే కొందరు మగవాళ్ళు. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు, నిలకడగా ఉన్నది మాత్రం నలుగురం. టైలరు, నేను, కె.కోటపాడు నుంచి వచ్చే ఒక బస్సు డ్రైవరు, దేవరాపల్లి వైపు నుంచి వచ్చే ఒక చెరుకు రైతు. అక్కడ పేర్లతో పిలుచుకోకూడదని నియమం. అంచేత మాస్టారు, టైలరుగారు, డ్రైవరుగారు, రైతుబాబు. వానాకాలంలో కింద కొట్టులో పాత బెల్లం పులిసిన వాసన మేడ మీదికి వచ్చేది. సారా వాసన లాంటి ఆ వాసనకి మాకు నోరూరేది. ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇక జీవితంలో తాగనని అక్కడ ఎవరూ ఒట్లు పెట్టరు. ఒట్ల సంగతి మాకు బాగా తెలుసు. ఒక్కొక్కరూ లేచి "ఈవేళ లేదు" అంటారు, అంతే. ఏడాది నిండినవాడికి అందరిలోకీ ఎక్కువ కాలం మానేసినవాడు నోట్లో బెల్లం ముక్క పెడతాడు. ఆ పెద్ద కుర్చీ టైలరుగారిది. కొత్తగా వచ్చినవాడు గుమ్మం పక్క చాప మీద కూర్చోవాలి. పదేళ్ళు మానేసినా సరే, ఒక్క గ్లాసు తాగాడంటే ఆ పదేళ్ళూ పోతాయి, మళ్ళీ చాప.

ఇంకో నియమం నేను పెట్టించింది. ఎవరైనా "ఈవేళ లేదు" అన్నప్పుడు గొంతులో ఏదైనా తేడా వినబడితే, విన్నవాడు "నిజమేనా?" అని తప్పకుండా అడగాలి. అడిగితే అవమానం కాదు, అడక్కపోతే తప్పు. ఈ నియమం ఎంత అవసరమో నేను ఒక ఆదివారమంతా ఉపన్యాసం ఇచ్చాను. మాస్టార్ని కదా, చెప్పడం బాగా వచ్చు.

లాక్‌డౌన్ వచ్చి ఆ గదికి తాళం పడింది. అప్పటికి టైలరుగారు మానేసి పదకొండేళ్ళు, నేను తొమ్మిదేళ్ళు. కొట్లు మూసేశారు, దొరికే వీలే లేదు కాబట్టి మాకు భయం లేదని ఊళ్ళో ఎవరైనా అనుకుంటారు. మాకు తెలుసు, అసలు భయం మందు కాదు, ఖాళీ. నాలుగు గోడల మధ్య ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేస్తాం? అందుకని ఫోను గొలుసు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరింటికి నేను డ్రైవరుకి చేస్తాను. ఆయన రైతుకి, రైతు టైలరుకి. టైలరు తిరిగి నాకు చేస్తే గొలుసు మూసుకున్నట్టు. ఆరున్నరలోగా మూసుకోకపోతే ఎక్కడ తెగిందో కనుక్కుని, పోలీసులున్నా ఎవరున్నా, దగ్గరున్నవాడు ఆ ఇంటికి పోవాలి.

"ఈవేళ లేదు." "నాకూ లేదు." మాట ముగియడానికి అర నిమిషం చాలు. కానీ టైలరుగారు అక్కడితో ఆపేవాడు కాదు. పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి, కొట్టు మూత, మిషను ఇంటికి తెచ్చేసుకున్నాడు. జాకెట్టు ముక్కలు మిగిలినవి వెదికి మాస్కులు కుట్టి మా అందరికీ పంపించాడు. నాకు పంపినది ముదురు నీలం, అంచుకి సన్నటి ఎర్ర గీత. "పట్టుచీర మీదకి కుట్టిన జాకెట్టు ముక్క మాస్టారూ, పెళ్ళికూతురు మొహం పెట్టుకుని తిరగండి," అని నవ్వాడు. రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు తగ్గింది. "మాస్కులు కూడా అయిపోయేయి. సేతికి పనిలేదు మాస్టారూ," అన్నాడు ఒకరోజు. "ఓపిక పట్టండి," అన్నాను. ఆయన నాకు గుండీల డబ్బా ఇచ్చాడు, నేను ఆయనకి రెండు మాటలిచ్చాను.

మే నెలలో బ్రాందీ షాపులు తెరిచారు. జనం విరగబడతారని, బడులు ఎలాగూ లేవు కదా అని, క్యూలు సరిచూసి టోకెన్లు ఇవ్వడానికి టీచర్లకి డ్యూటీలు వేశారు. లిస్టులో నా పేరుంది.

ఆ డ్యూటీ తప్పించుకోవడం కష్టమేం కాదు. పై ఆఫీసరుకి ఫోన్ చేసి, "అయ్యా, నేను ఒకప్పుడు తాగేవాణ్ణి, నన్ను అక్కడ నిలబెట్టకండి," అంటే సరిపోయేది. కానీ బదిలీ మీద వచ్చిన ఈ స్కూల్లో నా పాత కథ ఎవరికీ తెలీదు. ఇక్కడ నేను టీ కూడా తాగని మాస్టార్ని, పిల్లలకి క్రమశిక్షణ గురించి చెప్పే మనిషిని. ఆ పేరు పోగొట్టుకోవడం కన్నా బ్రాందీ షాపు ముందు నిలబడ్డమే నయమనిపించింది. సాయంత్రం గొలుసులో డ్రైవరుకి చెప్పాను.

"జొరవొచ్చిందని సెప్పి మానీయండి మాస్టారూ. మనకెందుకా సోటు?" అన్నాడాయన.

"తొమ్మిదేళ్ళండీ. నాకేటవుద్ది?" అన్నాను.

నాకేమీ అవలేదు. అది నిజమే. ఎండలో ముగ్గుతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడ్డారు. గొడుగులు, తువ్వాళ్ళు, ఆవురావురుమనే ముఖాలు. గుమ్మానికి ఇవతల బల్ల వేసుకుని నేనూ, మా స్కూలు సైన్సు మాస్టారూ కూర్చున్నాం. వయసులో చిన్నవాడు, నేనంటే గౌరవం. "సూడండి సార్, ఈళ్ళకి సిగ్గుండదా? నలభై రోజులు బతికేరు కదా లేకండా," అన్నాడు. నేను "అవును" అన్నాను. అలా అన్నందుకు కూడా నన్ను నేను క్షమించుకోలేదు, కానీ ఆ రోజు దానికన్నా పెద్దది రాబోతోంది.

మధ్యాహ్నం ఒంటిగంట వేళ తల ఎత్తకుండా టోకెన్ల మీద నంబర్లు వేస్తున్నాను. ఎదురుగా వచ్చి ఆగిన మనిషి చెయ్యి బల్ల మీద ఆనింది. చూపుడు వేలి కొస నిండా సూది గుచ్చుకున్న చుక్కలు. నా చేతిలో సూది పెట్టి పట్టుకోవడం నేర్పిన వేలు అది. చెయ్యి చూడగానే పోల్చాను. తల ఎత్తాను. మెడలో టేపు లేదు, గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. టైలరుగారు నన్నే చూస్తున్నాడు. నా ముఖం మీద ఆయన కుట్టిన నీలం మాస్కు.

ఆయన తన మాస్కు గడ్డం కిందికి దించాడు. అలాగే నిలబడ్డాడు.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాలి. అదొక్కటే చెయ్యాల్సిన పని, చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను ఆలోచించింది మాత్రం సైన్సు మాస్టారు గురించి. ఈయన మీకెలా తెలుసు సార్ అంటాడు. వెనక క్యూలో మా వీధివాళ్ళున్నారు. కానిస్టేబులున్నాడు. ఒక మనిషిని బ్రాందీ షాపు నుంచి లాక్కెళ్ళే మాస్టారుకి ఆ మనిషితో ఏం సంబంధమో ఊరంతా ఆరా తీస్తుంది. ఇవన్నీ ఆలోచించడానికి నాకు రెండు క్షణాలు పట్టలేదు. పిరికితనం లెక్కలు వేగంగా చేస్తుంది.

ఎవరో తెలియనివాడికి ఇచ్చినట్టే టోకెను చింపి చేతిలో పెట్టాను. "మాస్కు పైకి పెట్టుకోండి," అన్నాను. అదీ నేనన్న మాట.

ఆయన ఒక్క క్షణం ఆగి, మాస్కు పైకి లాక్కుని ముందుకి నడిచాడు. వెనకున్నవాడు తోసుకుంటూ వచ్చాడు. వాడికీ ఒక టోకెను ఇచ్చాను.

ఆ సాయంత్రం గొలుసు మొదలుపెట్టి, ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆరూ ఇరవైకి టైలరుగారి ఫోను వచ్చింది.

"మాస్టారూ, ఈవేళ లేదు."

నాలిక మందంగా ఉంది. నేను పెట్టించిన నియమం నాకు గుర్తులేక కాదు. అడిగితే ఆయన "మీకు తెలీదేటి?" అంటాడేమోనని భయం. "నాకూ లేదు," అని ఫోను పెట్టేశాను. మా ఆవిడ అన్నం వడ్డించింది. తిన్నాను. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది, దాచను. అన్నం తింటూ, పడింది నేను కాదులే అనుకున్నాను. లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

ఇలా ఎనిమిది రోజులు సాగింది. రోజూ ఆయన "ఈవేళ లేదు" అనేవాడు, రోజూ నేను "నాకూ లేదు" అనేవాణ్ణి. ఒకరోజు రైతుబాబు గొలుసు పక్కనబెట్టి నాకే నేరుగా ఫోన్ చేశాడు.

"టైలరుగారి గొంతు తేడాగా ఉన్నాది మాస్టారూ. నిజమేనా అనడిగేను. నిజమే అంటన్నాడు. నాకు నమ్మకం సాల్లేదు. మీరు దగ్గిర కదా, ఓసారి ఎళ్ళి సూడండి."

"పన్ను నొప్పంట. అందుకే మాట అలాగుంది," అన్నాను.

"ఓహో, అదా!" అని ఆ అమాయకుడు ఫోను పెట్టేశాడు. టైలరుగారి పన్ను సంగతి నాకెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు పుట్టించాను. తాగే రోజుల్లో మా ఆవిడకి చెప్పిన అబద్ధాలు కూడా ఇంత నున్నగా ఉండేవి కావు.

తొమ్మిదో రోజు గొలుసు తెగింది. ఆరున్నర అయింది, ఫోను లేదు. నేను చేస్తే ఎత్తలేదు. చొక్కా తొడుక్కుని బయల్దేరాను. కూడలిలో పోలీసులు ఆపితే బ్రాందీ షాపు డ్యూటీ పాసు చూపించాను. "ఎళ్ళండి మాస్టారూ," అని వదిలారు.

గుమ్మంలో టైలరుగారి భార్య నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చేరా బాబూ. రోజూ మీతో మాటాడతన్నాడు కదా, మాస్టారికి తెలిసే ఉంటాది, ఆయనే సూసుకుంటారని ఊరుకున్నాను," అంది.

లోపల మిషను పక్కన నేల మీద పడి ఉన్నాడు. పడేటప్పుడు మిషను చక్రం తగిలి నుదురు చీరుకుంది. ఒళ్ళంతా వణుకు, చెమట, కళ్ళు తేలేస్తున్నాయి. మందు వల్ల వచ్చే ఆ వణుకు ప్రాణం దాకా పోతుందని మాకు తెలుసు. మా గదికి వచ్చిన ఒక పెద్దాయన అలాగే పోయాడు. డ్రైవరుకి ఫోన్ చేస్తే తెలిసిన ఆటో ఒకటి పంపించాడు. ఆసుపత్రికి వెళ్ళే దారంతా టైలరుగారి తల నా ఒళ్ళో ఉంది. ఈ మనిషి బతికితే నిజం చెప్పేస్తాననుకున్నాను. ఒట్లు పెట్టకూడదని నియమం ఉంది కదా, అయినా పెట్టుకున్నాను.

బతికాడు. పన్నెండు రోజుల తరవాత ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళాను. నుదుటి మీద కుట్లు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయనే మాట ఎత్తాడు.

"మా ఇంటి దగ్గిర్లోనే ఇంకో షాపుంది మాస్టారూ. అక్కడికెళ్ళలేదు. మీరు డ్యూటీలో ఉన్నారని రైతుబాబు సెప్పేడు. అందుకే అంత దూరం వచ్చేను. ఎలాగూ ఆగలేకపోతన్నాను, మాస్టారున్న సోటికెళ్తే ఆయనే ఆపుతారు అనుకున్నాను."

 నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏ మనిషికీ దొరకదు.

"మిమ్మల్ని పోల్చలేదు టైలరుగారూ," అన్నాను. "అంత జనంలో, ఎండలో..."

ఆయన నావైపు తిరిగి చూశాడు. "మాస్కు కూడా దించేను," అన్నాడు మెల్లిగా.

"పోల్చలేదు," అన్నాను మళ్ళీ.

"అవున్లెండి," అని తల వంచుకున్నాడు. "పోల్చుంటే మీరు ఇవ్వరు కదా."

గది మళ్ళీ తెరిచాక మొదటి ఆదివారం టైలరుగారు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గుమ్మం పక్క చాప మీద కూర్చున్నాడు. పదకొండేళ్ళు మానేసిన మనిషి. పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన తరవాత అందరిలోకీ ఎక్కువ కాలం మానేసింది నేనే. "కూర్చోండి మాస్టారూ," అన్నాడు డ్రైవరు. కూర్చున్నాను. ఏడాది తిరిగాక ఆయన నోట్లో బెల్లం ముక్క పెట్టాల్సిందీ నేనే. ఆయన కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ గది కిటికీలోంచి దూకెయ్యాలనిపించింది.

కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన తన కథ చెప్పేవాడు. షాపు, క్యూ, ఎండ, టోకెను అన్నీ చెప్పేవాడు. "పాపం, మాస్టారు నన్ను పోల్చుకోలేదు" దగ్గరికి వచ్చేసరికి నావైపు చెయ్యి చూపించేవాడు, నామీద ఎవరికీ చెడ్డ అభిప్రాయం కలక్కుండా. నేను పెద్ద కుర్చీలో కూర్చుని తల ఊపేవాణ్ణి. ఒకటీ రెండూ కాదు, నాలుగేళ్ళు ఊపాను.

కిందటి వేసవిలో ఒక కొత్త కుర్రాడు, ఊళ్ళో మెడికల్ షాపులో పనిచేసేవాడు, ఆ కథ విని నన్నే సూటిగా అడిగాడు. "మాస్కు దించితే కూడా పోల్చలేదేటి సార్?" నా బదులు టైలరుగారే జవాబు చెప్పాడు. "పోల్చుకుంటే ఇస్తారేటిరా? మాస్టారు అలాంటోరు కాదు," అని వాణ్ణి కసిరాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొట్టుకి వెళ్ళాను. ఎవరిదో స్కూలు యూనిఫారం కుడుతున్నాడు. నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"ఆ రోజు మిమ్మల్ని పోల్చేను. మీరు మాస్కు దించకముందే పోల్చేను, మీ చెయ్యి సూసి. తెలిసే ఇచ్చేను టోకెను. పక్కన మా సైన్సు మాస్టారున్నాడు. నాకు పరువు పోద్దని భయమేసింది. ఆ తరవాత కూడా రోజూ తెలిసే ఊరుకున్నాను."

మిషను ఆగలేదు. కుడుతున్న కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, ఆ చొక్కా మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు తల ఎత్తాడు. ఆయన కోప్పడతాడనుకున్నాను, అలా కోరుకున్నాను కూడా. ఆ ముఖంలో కోపం లేదు.

"నేనింకోలా అనుకున్నాను మాస్టారూ," అన్నాడు. "అప్పటికి నేనింకా సుక్క ముట్టలేదు. అయినా మీలాటి మనిషి ఎదర నిలబడి మాస్కు దించితే పోల్చలేదంటే, నా మొహం అప్పటికే తాగుబోతు మొహం అయిపోయిందనుకున్నాను. ఇంక దాచడానికేటుంది, తాగీడమే అనుకుని లోపలికెళ్ళేను. మీరు అరుగు మీద కూర్చుని పోల్చలేదన్నాక అదే నిజమనుకున్నాను. ఇన్నేళ్ళూ గడ్డం గీసుకుందికి కూడా అద్దంలో సరిగ్గా సూసుకోలేదు నేను."

మడిచిన చొక్కా మీది దారం ముక్కలు దులిపాడు.

"ఆరోజు సెప్పకపోతే పోనీ. అరుగు మీదేనా సెప్పాల్సింది మాస్టారూ."

నేను అలాగే నిలబడి ఉన్నాను. ఆయన ఇంకో చొక్కా తీసి మిషను మీద పెట్టుకున్నాడు. కూర్చోమని అనలేదు.